ఒకటో క్లాసు పిల్లలు కలవట్లేదు, చిన్న గదిలో ఆడించే ఆటలు చెప్పండి

గాజువాక టీచర్:
నమస్తే అండి, ఓ చిన్న ప్రైవేట్ స్కూల్లో ఒకటో క్లాసు చెప్తున్నా, 31 మంది పిల్లలు. సగం మంది ఇక్కడోళ్ళే, మిగతావాళ్ళు కాంట్రాక్టు పనులకొచ్చిన ఒడియా, హిందీ వాళ్ళ పిల్లలు. జూన్‌లో బడి తెరిచిన దగ్గర్నుంచి చూస్తున్నా, ఎవరి గుంపు వాళ్ళదే. ఒక పాపైతే టిఫిన్ బాక్సు కూడా గోడ వైపు తిరిగి తింటది, చూస్తుంటే మనసుకి ఎలాగో ఉంటంది. గ్రౌండ్ లేదు, బెంచీలు పక్కకి జరిపితే కాస్త గచ్చు దొరుకుద్ది అంతే. ఏం ఆడించమంటారు? కుర్చీలాట పెడితే ఔటైన వాళ్ళు ఇంకా ముడుచుకుపోయారు.

పెందుర్తి మాస్టారు:
అమ్మా, ఔటయ్యే ఆటలు కొన్నాళ్ళు ఆపెయ్. ఎవరికి స్నేహితులు లేరో వాళ్ళే ముందు ఔటైపోతారు, నేను ఇరవై ఏళ్ళుగా చూస్తున్నది ఇదే. కుర్చీలాటనే తిప్పి ఆడించు: నేలమీద పేపర్లు పరిచి, చప్పట్లు ఆగినప్పుడల్లా ఒక పేపరు తీసెయ్, కానీ ఎవరూ ఔట్ కారు, ఉన్న పేపర్ల మీదే అందరూ సర్దుకోవాలి. చివరికి ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని నిలబడతారు, భాష అక్కర్లేదు. ఇంకోటి, ఇంట్లో పాత దుప్పటి తీసుకెళ్ళు, పది మంది చొప్పున చుట్టూ పట్టుకోమని మధ్యలో ప్లాస్టిక్ బంతి వేసి ఎగరెయ్యమను. ఒక్కడు వదిలేసినా బంతి పడిపోద్ది కాబట్టి ప్రతి గుంటడూ అందులో అవసరమే.

అరకు అమ్మాయి:
మా ఊళ్ళో థింసా అని గిరిజన డాన్సు ఆడతాం కదండీ, పక్కవాళ్ళ వీపు వెనకనుంచి చేతులు కలిపి వరసగా అడుగులేస్తాం, పక్కమనిషి అడుగు చూసుకోకపోతే వరస మొత్తం తెగిపోద్ది. పిల్లలకి మొత్తం అక్కర్లేదు, రెండడుగులు కుడికి, రెండడుగులు ఎడమకి, మీరు బెంచీ మీద డప్పు కొట్టండి చాలు. అసలు లయ కలవడంలోనే ఏదో ఉంది. 2010లో జర్మనీ పరిశోధకులు నాలుగేళ్ళ పిల్లల్ని జంటలుగా ఆడించి చూశారు, పాటతో కలిసి గెంతిన జంటలు పాట లేకుండా ఆడిన వాళ్ళకంటే, తర్వాత గోళీలు ఒలికిపోయిన జతగాడికి ఎక్కువ సాయం చేశారట.

ఒక అమ్మ, ఎంవీపీ కాలనీ:
చిన్న మాట మేడం. మా బాబుకి ఎవరైనా ముట్టుకుంటే పడదు, చెయ్యి పట్టుకోమని బలవంతం చేసినరోజు ఇంటికొచ్చి అన్నం తినలేదు. తర్వాత వాళ్ళ టీచర్ చున్నీ ఇచ్చి ఒక కొస వాడికి, రెండో కొస పక్కపిల్లకి పట్టించారు, అప్పుడు వరసలో నడిచాడు. మీ పాపని కూడా ముందు చూడనివ్వండి, డప్పు కొట్టే పని ఇచ్చినా ఆటలో ఉన్నట్టే కదా.

గాజువాక టీచర్:
అందరికీ చాలా థాంక్సండీ. నిన్న లాస్ట్ పీరియడ్‌లో దుప్పటి ఆట పెట్టా, ఉక్కపోతకి అందరం తడిసిపోయాం కానీ ఎవరూ ఆపనివ్వలేదు. ఆ పాప మొదట గోడ దగ్గరే ఉంది, నేనేం అనలేదు. బంతి దొర్లుకుంటూ తన కాళ్ళ దగ్గరకి పోతే తీసుకొచ్చి దుప్పట్లో వేసి, అక్కడే ఓ మూల పట్టుకుని నిలబడింది. పక్కనున్న బాబు కొంచెం జరిగి చోటిచ్చాడు. రేపు పేపర్లాట పెడతా మాస్టారూ, ఎన్ని పేపర్లతో మొదలెట్టమంటారు?

పెందుర్తి మాస్టారు:
పదహారు పెట్టమ్మా, ఇద్దరికొకటి. మరీ తగ్గించకు, నాలుగైదు దగ్గర ఆపేయ్, తోసుకుంటే పడతారు.