ఊరి చింతచెట్ల మీద ఎర్రకాళ్ల కొంగల గూళ్లు: పిల్లలతో, యువకులతో కలిసి నిలకడగా ఏం చేయగలం?

ప్రశ్న – పల్లె టీచరు

అందరికీ నమస్కారం. నేను హిందూపురం వైపు ఒక పల్లెలోని ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం బోధిస్తున్నాను. చిలమత్తూరు మండలం వీరాపురం పేరు మీలో చాలామంది వినే ఉంటారు. మా ఊరికి అంత పేరు లేదు గానీ, ఇక్కడి చింతచెట్ల మీద కూడా ఏటా సంక్రాంతి దాటాక ఎర్రకాళ్ల కొంగలు వచ్చి గూళ్లు కడతాయి, పిల్లలను పెంచుకుని వానలు మొదలయ్యాక వెళ్లిపోతాయి. "పురుటికి పుట్టింటికొచ్చిన ఆడబిడ్డలు" అని మా ఊరి అవ్వలు వాటిని తలచుకుంటారు. అవి రాని ఏడాది వానలు పడవన్న నమ్మకం ఒకటి ఉంది; ఇన్నాళ్లూ ఆ చెట్ల మీద గొడ్డలి పడకుండా చూసింది ఆ నమ్మకమే.

ఇప్పుడు రెట్ట వాసన భరించలేక, మిద్దెలు పాడవుతున్నాయని, కట్టెకు మంచి ధర వస్తోందని రెండేళ్లలో మూడు చెట్లు కొట్టించారు. గాలిదుమారం లేస్తే పిల్లలు కింద పడతాయి, తెల్లవారేసరికి కుక్కలు ఎత్తుకుపోతాయి. కిందటి ఏప్రిల్‌లో ఎనిమిదో తరగతి కుర్రవాడొకడు అలా పడిన పిల్లను గోనెసంచిలో చుట్టి తరగతికి తెచ్చాడు. ఒంటినిండా తెల్లటి నూగు, నల్లటి ముక్కు, ఒక కాలు మడతపడి ఉంది. సాయంత్రం బడి వదిలేలోపే అది చనిపోయింది. "దీనికి ఏం పెట్టాలో మన పాఠంలో లేదు కదా టీచర్" అని వాడు అడిగితే నా దగ్గర సమాధానం లేదు.

ర్యాలీ తీశాం, వ్యాసరచన పోటీ పెట్టాం. ఆ మర్నాడు ఊళ్లో ఏమీ మారలేదు. పిల్లలు, డిగ్రీ చదువుతున్న యువకులు ఏటా చేయగలిగిన పని ఏముందో, చట్టం ప్రకారం ఎవరిని కలవాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరా?

జవాబు 1 – మండ్య చూసొచ్చినవాడు

టీచరు గారూ, మీకు దగ్గరలోనే మంచి ఉదాహరణ ఉంది. కర్ణాటకలో మండ్య జిల్లా మద్దూరు తాలూకాలోని కొక్కరెబెళ్లూరులో ఇవే ఎర్రకాళ్ల కొంగలు, వాటితోపాటు గూడబాతులు, ఇళ్ల మధ్య చెట్ల మీదే గూళ్లు పెడతాయి. అక్కడి యువకులు "హెజ్జార్లె బళగ" అని ఒక బృందంగా ఏర్పడ్డారు. హెజ్జార్లె అంటే కన్నడంలో గూడబాతు. గూళ్లున్న చెట్ల కింద వలలు కట్టడం, పడిన పిల్లలను కంచె వేసిన ఆవరణలో పెట్టి చేపలతో పెంచి, ఎగిరే శక్తి వచ్చాక వదలడం వారి పని. 2007లో ఆ ఊరిని కమ్యూనిటీ రిజర్వుగా, అంటే ఊరివారి భాగస్వామ్యంతో కాపాడే రక్షిత ప్రాంతంగా ప్రకటించారు.

నాకు మరింత నచ్చింది రైతుల పద్ధతి. చెట్ల కింద గుంతలు తీసి, చెరువు మట్టితో కలిపి రెట్టను ఎరువుగా మారుస్తారు. మీ ఊళ్లో గొడవకు కారణమైన రెట్టే అక్కడ పొలానికి బలం.

ఒక జాగ్రత్త. పడిన పిల్లను తిరిగి గూటిలో పెట్టాలని ఎవరినీ చెట్టు ఎక్కనివ్వకండి. ఒక పిల్లను కాపాడబోతే, బెదిరిన చుట్టుపక్కల గూళ్ల పిల్లలు నాలుగు దూకేస్తాయి. అలాగే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది కనుక, పడిన పక్షిపిల్లలను ఇళ్లలో ఉంచుకోకుండా ముందే అటవీ శాఖ సిబ్బందితో మాట్లాడి, వారికి తెలిసేలా చేయండి.

జవాబు 2 – విశ్రాంత సైన్సు మాస్టారు

అమ్మా, ర్యాలీ వల్ల ఏమీ మారలేదని మీరు దాచకుండా రాశారు, సంతోషం. పిల్లలకు నినాదం ఇస్తే ఆ పూటకు సరిపోతుంది, పని అప్పగిస్తే ఏడాదంతా గుర్తుంటుంది. నేను పనిచేసిన బడిలో ఒక్కో చెట్టుకు ఒక అంకె వేసి, ఇద్దరేసి పిల్లలకు ఒక్కో చెట్టు అప్పగించి, ఒకే ఒక్క నోటు పుస్తకం నడిపాం. మొదటి పక్షి ఏ రోజు వచ్చింది, ఎన్ని గూళ్లు కట్టాయి, ఏ వారం ఎన్ని పిల్లలు కనిపించాయి, ఎన్ని పడ్డాయి, ఆ రోజు గాలి ఎలా ఉంది, చెరువులో నీరు ఎంతవరకు ఉంది: ఇంతే. పదో తరగతివారు వెళ్లిపోతూ పుస్తకాన్ని తొమ్మిదో తరగతికి అప్పగించేవారు. మూడేళ్లు గడిచాక మా మాటకు లేని విలువ ఆ పుస్తకానికి వచ్చింది. ఏటా జనవరిలో జరిగే ఆసియా నీటిపక్షుల గణన 1987 నుంచి నడుస్తోంది. మీ చెరువు లెక్కను కూడా అందులో చేర్చండి.

మరొకటి, ఇవి సైబీరియా నుంచి వస్తాయని చాలా ఊళ్లలో చెప్పుకుంటారు. అది నిజం కాదు. ఎర్రకాళ్ల కొంగలు మన ఉపఖండపు పక్షులే, నీరూ చేపా దొరికే చోటు వెతుక్కుంటూ తిరుగుతాయి. ఈ తప్పును పిల్లల ముందు దిద్దడం నాకు ముఖ్యంగా తోస్తుంది, ఎందుకంటే ఎక్కడి నుంచో వచ్చిన చుట్టమనుకుంటే అది రాకపోయినా మన తప్పు అనిపించదు. ఇక్కడి చెరువు ఎండినందుకే రాలేదని తెలిస్తే చూపు చెరువు మీదికి మళ్లుతుంది. మధ్యాహ్నం ఎండలో తల్లి రెక్కలు విప్పి పిల్లల మీద నీడపట్టడం బడి అరుగు మీద నుంచే చూపించండి.

జవాబు 3 – చెరువు కింది రైతు

పెద్దలు చెప్పినవి బాగున్నాయి. అయితే చెట్టు ఎవరిదో ఆ ఇంటివారిని కలుపుకోకుండా బడి ఒక్కటే ఈ పని మోయలేదని నా అభిప్రాయం. పక్షి చూసి ఊరంతా మురిసిపోతుంది, రెట్ట మాత్రం ఒక్క ఇల్లే కడుక్కుంటుంది. యువకులు వారానికొకసారి ఆ వాకిళ్లు కడిగి, రెట్టను గుంతకు చేరిస్తే చెట్టు కొట్టాలన్న మాట సగం తగ్గుతుంది.

ఇక చెరువు. ఈ కొంగ ముక్కు కొంచెం తెరిచి, మోకాలి లోతు లేని నీళ్లలో నడుస్తూ, తగిలిన చేపను పట్టుకుంటుంది. లోతు నీళ్లలో దానికి తిండి దొరకదు. పూడిక తీసేటప్పుడు చెరువంతా ఒకే లోతుగా తవ్వకుండా, ఒక అంచున ఏటవాలు వదలమని పంచాయతీని అడగండి. చేపల పాట (వేలం) పాడినవారు ఫిబ్రవరిలో నీరంతా తోడేయకుండా ముందే ఒప్పందంలో రాయించుకోండి. మా ఊళ్లో ఒక ఏడాది అలా తోడేస్తే పిల్లలు గూళ్లలోనే ఎండిపోయాయి. ఆ ఏడాది నేనూ ఆ పాటలో వాటాదారునే, ఆ బాధ ఇంకా ఉంది.

జవాబు 4 – పంచాయతీ పనుల్లో ఉన్నవారు

చట్టం విషయం మాత్రం చెబుతాను. 2002 జీవవైవిధ్య చట్టం 41వ సెక్షన్ ప్రకారం ప్రతి స్థానిక సంస్థా జీవవైవిధ్య యాజమాన్య కమిటీని ఏర్పాటు చేయాలి. ఆ కమిటీ తయారుచేయవలసిన ప్రజా జీవవైవిధ్య రిజిస్టరులో చెట్లు, పక్షులు, చెరువు, వాటి గురించి ఊరికి తెలిసిన సంగతులు నమోదు కావాలి. చాలాచోట్ల అది కాగితాల మీదే ఉంటుంది. మాస్టారు చెప్పిన నోటు పుస్తకాన్ని గ్రామసభలో చదివించి, రిజిస్టరులో చేర్చమని తీర్మానం కోరండి.

ప్రశ్న వేసినవారు – పల్లె టీచరు

అందరికీ కృతజ్ఞతలు. నిన్న సాయంత్రం పెద్ద చెట్టున్న ఇంటికి వెళ్లాను. ఇంటి పెద్దాయన మొదట ముఖం తిప్పుకున్నారు. వాకిలి కడిగే బాధ్యత మా కుర్రవాళ్లు తీసుకుంటారన్నాక కూర్చోమని మంచం వాల్చారు. ఈ ఏడాదికి కొట్టించనని మాట ఇచ్చారు. గోనెసంచి తెచ్చిన పిల్లవాడికే ఆ చెట్టు అప్పగించాను, పుస్తకంలో మొదటి పేజీ వాడే రాస్తాడు. వలల గురించి ఒక సందేహం: చేపలు పట్టే పాత వలలు పనికొస్తాయా?

జవాబు 1 – మండ్య చూసొచ్చినవాడు

పనికొస్తాయి టీచరు గారూ, కానీ కన్ను సన్నగా ఉన్నవే తీసుకోండి. కన్ను పెద్దదైతే పడిన పిల్ల కాళ్లు చిక్కుకుంటాయి. నేలకు రెండు మూడు అడుగులు పైన, నడుమ కొంచెం వదులుగా వేలాడేలా కట్టించండి. పక్షులు రాకముందే, జనవరి మొదటి వారంలోనే కట్టడం మంచిది. గూళ్లు పెట్టాక చెట్టు కింద హడావిడి చేయకూడదు.