ట్రామా కేసులు (మనసుకు పెద్ద గాయమైనవాళ్ల కేసులు) చూసే కౌన్సెలర్లకు కేసుల పరిమితి ఉండాలా, మనసు గట్టి చేసుకుంటే సరిపోతుందా?

సముద్రపు గాలి:
కోస్తాలో ఒక జిల్లాలో మహిళలు, పిల్లల కేసులు చూసే కౌన్సెలర్‌ని. ఔట్‌సోర్సింగ్ ఉద్యోగం. గృహహింస, పోక్సో (పిల్లల మీద లైంగిక నేరాలు), పురుగుమందు తాగి బతికి బయటపడ్డవాళ్లు, అందరూ నా టేబుల్ దగ్గరికే వస్తారు. ఈ మధ్య మా పాప ఎక్కే ఆటో నంబరు రోజూ ఫొటో తీసి పెట్టుకుంటున్నాను, సొంత మేనమామ ఎత్తుకున్నా నా కళ్లు అటే ఉంటున్నాయి. పగలు విన్నవన్నీ రాత్రి నాకే జరిగినట్టు కలలో వస్తున్నాయి. పై అధికారికి చెబితే నెలకోసారి యోగా క్లాసు పెట్టిస్తాం, ప్రాణాయామం చెయ్యండి అన్నారు. యోగా మంచిదే, నేనూ చేస్తాను. కానీ మరుసటి రోజు పొద్దున అన్నే కేసులు, అదే వరుస. వారానికి ఇన్ని ట్రామా కేసులకు మించి ఒక్కరికి ఇవ్వకూడదని రూలు ఉండాలని నా వాదన. మీరేమంటారు?

గోదావరి గట్టు:
అమ్మా, నేనూ ఇదే పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను, మీ బాధ నాకు తెలుసు, అయినా ఒప్పుకోను. రూలు పెడితే గుమ్మం దగ్గర ఆగిపోయేది ఎవరు? కూతుర్ని వెంటబెట్టుకుని రెండు బస్సులు మారి వచ్చిన తల్లి. ఆవిడతో ఈ వారం కోటా అయిపోయింది, సోమవారం రండి అని నేను చెప్పలేను. సోమవారానికి ఊళ్లో పెద్దమనుషులు రాజీ చేయించేస్తారు, ఆ పిల్ల మళ్లీ మన దగ్గరికి రాదు. 108 వాళ్లు, క్యాజువాలిటీ డాక్టర్లు రోజూ నెత్తురు చూస్తున్నారు, వాళ్లకు కోటా ఉందా? సెషన్ అవగానే నోట్సు అక్కడే రాసి ఫైలు మూసేయడం, ఇంటికి వెళ్లేముందు కాసేపు నడవడం, ఇంట్లో ఆఫీసు ఫోన్ ఆపేయడం, ఇవి నన్ను ఇన్నాళ్లూ నిలబెట్టాయి. మనసును కాపాడుకోవడం కూడా ఈ పనిలో భాగమే.

చదువరి:
రెండు విషయాలు చెబుతాను. ఇది మనసు బలహీనత కాదు. ఇతరుల ట్రామా వినగా వినగా వినేవాళ్లకు లోకం మీద, మనుషుల మీద నమ్మకమే మారిపోతుందని 1990లోనే మెకాన్, పెర్ల్‌మన్ అనే సైకాలజిస్టులు రాశారు. మేనమామ మీద అనుమానం అన్నారే, అచ్చంగా అదే. పనిలో భాగంగా పదేపదే ఇలాంటి వివరాలు వినాల్సి రావడం కూడా పీటీఎస్‌డీకి, అంటే ఘోరమైన అనుభవం తర్వాత మనసును వదలని జబ్బుకు, కారణం కావచ్చని 2013లో వచ్చిన డీఎస్ఎం-5 (అమెరికా సైకియాట్రిస్టుల సంఘం మానసిక జబ్బుల మీద వేసిన పుస్తకం) ఒప్పుకుంది. ఇక రెండోది. కెనడాలోని ఒంటారియోలో 259 మంది థెరపిస్టుల మీద బోబర్, రెగెర్ చేసిన అధ్యయనం 2006లో వచ్చింది. విశ్రాంతికి, స్వీయ సంరక్షణకు, సూపర్విజన్‌కు (తమ కేసుల గురించి అనుభవం ఉన్నవాళ్లతో మాట్లాడుకోవడానికి) ఎక్కువ టైమ్ పెట్టినవాళ్లలో ట్రామా లక్షణాలు తక్కువగా ఏమీ లేవు. ఎవరికి ఎంత లక్షణాలున్నాయో అన్నిటికన్నా బాగా చెప్పింది, వారానికి ట్రామా బాధితులతో ఎన్ని గంటలు గడుపుతున్నారన్నదే. కాబట్టి గోదావరి గట్టు గారూ, మీ నడక మీకు మేలు చేసి ఉండొచ్చు, దాన్ని అందరికీ మందుగా రాసివ్వడానికి మాత్రం ఆధారం చాలదు.

గోదావరి గట్టు:
కెనడా లెక్క మన జిల్లాకు ఎలా వర్తిస్తుందండీ? అక్కడ ఒకరు వద్దంటే ఇంకొకరు ఉంటారు. పైగా మీరు ఒకవైపే చెప్పారు. కొలంబియాలో రాజకీయ హింస బాధితులతో పనిచేసే థెరపిస్టుల మీద 2007లో వచ్చిన అధ్యయనంలో, బాధితులు కోలుకోవడం చూసి థెరపిస్టులకే బలం వచ్చిందని తేలింది. నేను కళ్లారా చూసింది కూడా అదే. స్టేట్‌మెంట్ ఇవ్వడానికి వణికిన పిల్ల తర్వాత నర్సింగులో చేరి స్వీట్లు పట్టుకొచ్చింది. ఆ రోజు నాకు ఏ సెలవూ అక్కర్లేకపోయింది.

పేరు వద్దు:
నేను అవతలి కుర్చీలో కూర్చున్నదాన్ని. చిన్నప్పుడు జరిగింది, ఇరవైలలో థెరపీకి వెళ్లాను. అలసిపోయిన కౌన్సెలర్‌ను మేం ఇట్టే కనిపెడతాం. తలూపుతూనే ఉంటుంది, చూపు మాత్రం ఎక్కడో ఉంటుంది. ఆవిడ బాధపడుతుందేమోనని అసలు విషయం చెప్పకుండా తేలికైనవే చెప్పి వచ్చేసిన రోజులున్నాయి. ఇంట్లో అమ్మ ఏడుస్తుందని దాచినట్టే ఇక్కడా దాచాను. అందుకే పరిమితి పెట్టమంటే నాకు సంతోషమే. కానీ పరిమితి పేరుతో మధ్యలో మనిషిని మార్చకండి. నాకు కౌన్సెలర్‌ను మార్చినప్పుడల్లా మొదటి నుంచీ మళ్లీ చెప్పాల్సి వచ్చింది, ఒకసారి సగంలో లేచి వచ్చేశాను, ఆ తర్వాత చాలాకాలం ఎవరి దగ్గరికీ వెళ్లలేదు.

న్యూజెర్సీ నుంచి:
పై మాట నా క్లయింట్ల దగ్గర కూడా విన్నాను. చదువరి గారు, ఆ అధ్యయనం సూపర్విజన్‌కు పెట్టిన టైమ్‌ను కొలిచింది, అది ఎలాంటి సూపర్విజన్ అన్నది వేరే సంగతి. జీతం బిల్లు మీద సంతకం పెట్టే మనిషి ముందు కూర్చుని నాకు పీడకలలు వస్తున్నాయని ఎవరు చెబుతారు? ఇక్కడ అనుభవం కొద్దీ చెబుతున్నాను, ఆ మనిషి సంస్థకు బయటివాళ్లయితేనే నోరు పెగులుతుంది. ఇంకో సంగతి, ప్రతి వివరం వినాల్సిన పని లేదు. ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్ అనే థెరపీలో జరిగింది పదేపదే చెప్పించాలి, అది తప్పదు. కళ్లను అటూ ఇటూ కదిలిస్తూ చేసే ఈఎండీఆర్ థెరపీలో పూస గుచ్చినట్టు చెప్పించకుండానే నడపొచ్చు. కేసు కోసం పోలీసులకు కావాల్సిన వివరాలు వేరు, మనిషి కోలుకోవడానికి కావాల్సినవి వేరు. మన దగ్గర ఆ రెండు పనులూ ఒకే కౌన్సెలర్ నెత్తిన పెడుతున్నారనిపిస్తోంది.

సముద్రపు గాలి:
అవునండీ, సరిగ్గా అక్కడే నలిగిపోతున్నాం. పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం విషయం తెలిసిన వెంటనే పోలీసులకు చెప్పి తీరాలి. పెళ్లి కావాల్సిన పిల్ల, వద్దమ్మా అని తల్లి నా కాళ్లు పట్టుకుంటుంది. చెబుతాను, చెప్పాలి కూడా. కానీ నిన్నటిదాకా నన్ను అక్కా అని పిలిచిన పిల్ల ఆ తర్వాత నా మొహం చూడదు. ఇంట్లో ఆయనతో చెప్పుకోలేను, అది గోప్యం. 14416 టెలీమానస్‌కు (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్‌కు) ఫోన్ చేయమని ఒక స్నేహితురాలు అంది, మంచి సలహానే, కానీ ఆ ఫోన్ ఎత్తేది కూడా నాలాంటి ఇంకో కౌన్సెలరే.

గోదావరి గట్టు గారూ, గుమ్మం దగ్గర ఎవరినీ ఆపమని నేను అనను. మొదటి రోజు ఎవరొచ్చినా చూస్తాను, అర్ధరాత్రైనా సరే. పరిమితి కావాల్సింది ఆ తర్వాత నెలల తరబడి నడిచే సెషన్లకు. పోక్సో కేసులు వరుసగా కాకుండా మధ్యలో భార్యాభర్తల తగాదాలో, పరీక్షల టెన్షనో పడేలా సర్దొచ్చు. పేరు వద్దు గారు చెప్పినట్టు నడుస్తున్న కేసు చేతులు మారకూడదు, కోత కొత్త కేసుల్లోనే పడాలి. అలా మిగిలిపోయినవాళ్ల కోసం రెండో పోస్టు ఇవ్వాలి. ఆ పోస్టు అడగాలంటే చేతిలో ఒక లెక్క ఉండాలి, పరిమితి రూలు లేకపోతే ఆ లెక్క ఎక్కడి నుంచి వస్తుంది? ఇప్పుడు ఒక్కదాన్నే అన్నీ లాగేస్తున్నాను కాబట్టి పై వాళ్ల కాగితాల్లో అంతా బాగానే ఉంది.

గోదావరి గట్టు:
రెండో పోస్టు వచ్చేదాకా ఆ కొత్త కేసులు ఎవరు చూస్తారన్నదానికి మీ దగ్గర జవాబు లేదు, నా దగ్గరా లేదు. అందుకే పోస్టు వచ్చాకే పరిమితి అంటాను, ముందు కాదు. బయటి సూపర్వైజర్, రెండో పోస్టు, ఈ రెండింటికీ అర్జీ రాయండి, నా సంతకం పెడతాను. పరిమితి మాట అందులో ఉంటే మాత్రం పెట్టను.

సముద్రపు గాలి:
ఉంటుందండీ. ఆ మాట తీసేస్తే మిగతా రెండూ ఎందుకో వాళ్లకు అర్థం కాదు. ఆదివారానికి రాసి ఇక్కడ పెడతాను, చదివాక చెప్పండి.