ట్రాక్ సా: పొడవాటి రైల్ ఒకటా, పొట్టివి రెండా?

ప్రశ్న: 8 అడుగుల ప్లైవుడ్ షీట్లు నిలువునా కోయాలి. మామూలు సర్క్యులర్ సాతో గీత అటూ ఇటూ పోతోంది, పైగా అంచు పేళ్లు లేస్తోంది. ట్రాక్ సా (రైల్ అనే పొడవాటి లోహపు పట్టీ మీద జారుతూ తిన్నగా కోసే సర్క్యులర్ సా) కొంటున్నా. 1400 ఎంఎం రైల్స్ రెండు కలిపితే సరిపోతుందా?

జవాబు: సరిపోతుంది. రెండూ కలిపి 2800, షీటు 2440, కాబట్టి మొదట్లో రంపం ఆనడానికీ చివర్లో బయటికి రావడానికీ కాస్త చోటు మిగులుతుంది. తంటా అంతా అతుకు దగ్గరే. తిన్నటి అల్యూమినియం పట్టీ ఆనించి చూశాకే స్క్రూలు బిగించండి, లేకపోతే సరిగ్గా నడిమధ్యలో వంకర తేలుతుంది. పెట్టుకునే చోటుంటే మాత్రం ఒకటే పొడవాటిది హాయి.

ఇంకో జవాబు: బ్లేడు సంగతీ చూడండి. ప్లైవుడ్‌కి పళ్లు ఎక్కువున్నది, 48 అలా, వేసుకోండి. రైల్ అంచున ఉండే రబ్బరు పట్టీ మొదటి కోతలోనే బ్లేడుకి సరిగ్గా తెగుతుంది, ఆ తర్వాత దాన్ని గీత మీద పెట్టి కోయడమే, కొలతలు వేసుకునే పనే లేదు! కింద ఫోమ్ బోర్డు పరిచి, బ్లేడు షీటు దాటి 2-3 ఎంఎం దిగేలా పెట్టండి, చాలు.

మరొకరు: మకీటా కంపెనీ సా ఫెస్టూల్ కంపెనీ రైల్ మీద నడుస్తుంది. డివాల్ట్ రైల్ తీరే వేరు, కలిపి కొనకండి.