మైక్రోబయాలజీకి సున్నా, సెకండ్ లాంగ్వేజ్ తెలుగుకి 3 క్రెడిట్లు. ఇదేం లెక్క?

నిద్రలేని అమ్మ · రాత్రి 11:48
సాయంత్రం ఐదు నుంచి ఇదే పని. పిల్లల్ని పడుకోబెట్టి మళ్ళీ కూర్చున్నా, ఇంకా బుర్రకెక్కట్లేదు. ఇక్కడ అమెరికాలో కాలేజీ కోసం ఇండియా నుంచి నా బీఎస్సీ ట్రాన్స్‌క్రిప్టులు తెప్పించి, ఒక ఏజెన్సీకి డబ్బు కట్టి ఎవాల్యుయేషన్ (మన చదువును ఇక్కడి క్రెడిట్లలోకి మార్చి చూపడం) చేయించాను. రిపోర్టులో 94 క్రెడిట్లు అని ఉంది. కాలేజీ పోర్టల్లో కూడా 94 ట్రాన్స్‌ఫర్ అయినట్టు ఎక్కాయి. తీరా డిగ్రీ ఆడిట్ పేజీ తెరిస్తే నా కోర్సుకు పనికొచ్చేవి 3 అంటోంది. అవి కూడా దేనికో తెలుసా? సెకండ్ లాంగ్వేజ్ తెలుగుకి! మూడేళ్ళు మైక్రోబయాలజీ చదివిన దాన్ని మళ్ళీ మొదటి నుంచి అదే చదవమంటున్నారు. మా ఆయనేమో "ట్రాన్స్‌ఫర్ అన్నారుగా, టీసీ అడుగుతున్నారేమో" అంటున్నారు. ఎవరికైనా ఇలా అయ్యిందా? ఎవరితో మాట్లాడాలి? అర్జెంట్.

సుబ్బు · 11:55
ఏ స్టేటు? ఏ కోర్సు? ఏ సంవత్సరం డిగ్రీ?

పాత లెక్చరర్ · 12:10
అమ్మాయ్, ఇది నీ ఒక్కదాని సమస్య కాదు. ఇక్కడ ఒక క్రెడిట్ అంటే వారానికి గంట క్లాసు, పదిహేను వారాలు. అంతే కదా? నేను ముప్ఫై ఏళ్ళు జువాలజీ చెప్పాను. సబ్జెక్టుకు వారానికి నాలుగు పీరియడ్లు థియరీ, ఆపైన ప్రాక్టికల్స్, అదీ ఏడాది పొడవునా. రికార్డులో ఒక్క బొమ్మ సరిగ్గా లేకపోయినా సంతకం పెట్టేవాడిని కాదు. గంటల లెక్కన చూస్తే మన బీఎస్సీ వీళ్ళ నాలుగేళ్ళ డిగ్రీకి ఏం తక్కువ? మూడేళ్ళు అన్న ఒక్క మాట పట్టుకుని చిన్నచూపు చూస్తున్నారు. మొన్న మా అబ్బాయితో కూడా ఇదే వాదన.

ప్లానో బాబాయ్ · 12:14
ఇవన్నీ వదిలెయ్యమ్మా. క్లెప్ పరీక్షలు రాయి, పాసైతే క్లాసులో కూర్చోకుండానే క్రెడిట్లు వస్తాయి. 20 నుంచి 80 వరకు స్కోరు ఉంటుంది, చాలా చోట్ల 50 వస్తే చాలు. ఫీజు వంద డాలర్ల లోపే. మోడర్న్ స్టేట్స్ అనే సైట్లో కోర్సు పూర్తి చేస్తే ఆ ఫీజుకి వోచర్ కూడా ఇస్తారు. మా అమ్మాయి అమెరికన్ హిస్టరీ రెండు భాగాలూ వేసవి సెలవుల్లోనే లాగించేసింది.

నిద్రలేని అమ్మ · 12:21
స్టేటు చెప్పలేదు కదా, టెక్సస్. కమ్యూనిటీ కాలేజీలో నర్సింగ్, ఏడీఎన్ (అసోసియేట్ డిగ్రీ). బాబాయ్ గారూ, మైక్రోబయాలజీకి క్లెప్ ఉందా?

సుబ్బు · 12:22
లేదు. సంవత్సరం?

ప్లానో బాబాయ్ · 12:26
బయాలజీకి ఉందిగా.

కళ్ళజోడు · 12:40
బాబాయ్ గారూ, అది జనరల్ బయాలజీ. అనాటమీ ఫిజియాలజీకి గానీ మైక్రోబయాలజీకి గానీ క్లెప్ లేదు. హిస్టరీ కూడా ఆవిడకు ఇప్పుడు అక్కర్లేదు. టెక్సస్‌లో పబ్లిక్ యూనివర్సిటీ బ్యాచిలర్స్ డిగ్రీకి హిస్టరీ 6, గవర్నమెంట్ 6 క్రెడిట్లు చట్టం ప్రకారం కావాలి. ఏడీఎన్ చాలా కాలేజీల్లో ఏఏఎస్ (అసోసియేట్ ఆఫ్ అప్లైడ్ సైన్స్) డిగ్రీ కింద వస్తుంది, అందులో అవి అడగరు. తర్వాత బీఎస్ఎన్‌కి (నర్సింగ్‌లో బ్యాచిలర్స్) వెళ్తే అప్పుడు చూసుకోవచ్చు.

అమ్మగారూ, మీరు రెండు విషయాలు కలిపేస్తున్నారు. క్రెడిట్ ట్రాన్స్‌ఫర్ అవడం వేరు, అది మీ డిగ్రీ ప్లాన్‌లో లెక్కకు రావడం వేరు. మీ 94 ట్రాన్స్‌ఫర్ అయ్యాయి. కానీ ప్లాన్‌లో ఉన్న గళ్ళలో కూర్చున్నది తెలుగు ఒక్కటే, ఎందుకంటే హ్యుమానిటీస్ గడి ఖాళీగా ఉంది. మిగతావి ఉత్త ఎలెక్టివ్‌లుగా పడి ఉంటాయి. ఎవాల్యుయేషన్ ఏజెన్సీ ఇచ్చేది సలహా మాత్రమే, నిర్ణయం కాలేజీది.

మైక్రోబయాలజీ ఎందుకు కూర్చోలేదో చూడాలంటే రిపోర్టులో ఆ పేపర్ల పక్కన 'అప్పర్ లెవెల్' అని ఉందేమో చూడండి. కమ్యూనిటీ కాలేజీల్లో సాధారణంగా మూడో, నాలుగో ఏడాది కోర్సులు ఉండవు. దానికి జత కుదిరే కోర్సు వాళ్ళ దగ్గర లేకపోతే ఎలెక్టివ్‌లో పడేస్తారు. నర్సింగ్‌కి కావలసింది బయాలజీ 2420, అంటే వాళ్ళ మైక్రోబయాలజీ కోర్సు. టెక్సస్ నంబర్లలో మొదటి అంకె ఏ ఏడాదో చెబుతుంది, రెండో అంకె ఎన్ని క్రెడిట్లో.

పాత లెక్చరర్ · 12:52
అంటే ఎక్కువ చదివినందుకు తక్కువ ఇస్తారన్నమాట! బాగుంది.

నిద్రలేని అమ్మ · 12:58
అవును, అప్పర్ అనే ఉంది 😭 అయినా నేను పంపింది ట్రాన్స్‌క్రిప్టే కదా, ఏడాదివారీ మార్కులన్నీ అందులో ఉన్నాయి.

సుబ్బు · 1:01
అది ట్రాన్స్‌క్రిప్టా, సీఎంఎమ్మా?

నిద్రలేని అమ్మ · 1:03
రెండూ ఒకటే కదా?

సుబ్బు · 1:03
కాదు.

విజయవాడ టు డాలస్ · 1:09
ఒకటే అండీ. సీఎంఎం అంటే కన్సాలిడేటెడ్ మార్క్స్ మెమో, దాన్నే ఇక్కడ ట్రాన్స్‌క్రిప్ట్ అంటారు. నేను అదే పంపాను, ఏమీ అనలేదు.

కళ్ళజోడు · 1:15
సీఎంఎం మన చేతికిచ్చేది. ట్రాన్స్‌క్రిప్ట్ అంటే యూనివర్సిటీ సీల్ వేసిన కవర్లోనో ఆన్‌లైన్లోనో నేరుగా ఏజెన్సీకి వెళ్ళేది. మీ ఏజెన్సీ ఏది ఒప్పుకుందో మీకు తెలుసు. రిపోర్టు వచ్చేసింది కాబట్టి ఇప్పుడు దాని మీద కొట్లాట అనవసరం. ఇంకో మాట: కోర్స్ బై కోర్స్ (ఒక్కో పేపరుకు విడిగా క్రెడిట్లు చూపే) రిపోర్టేనా? మొత్తం డిగ్రీ గురించి మాత్రమే చెప్పే డాక్యుమెంట్ రిపోర్టైతే ఇదంతా మొదటికొస్తుంది.

విజయవాడ టు డాలస్ · 1:18
కొట్లాట ఎవరు మొదలుపెట్టారో పైన చూడండి.

నిద్రలేని అమ్మ · 1:22
కోర్స్ బై కోర్సే. దానికే ఎక్కువ డబ్బు పోసింది. సరే, డిగ్రీ 2007లో అయ్యింది. అది అంత ముఖ్యమా?

సుబ్బు · 1:23
అదే ముఖ్యం.

కళ్ళజోడు · 1:37
అయ్యో, అది మొదట్లోనే చెప్పాల్సింది. చాలా నర్సింగ్ ప్రోగ్రాములు సైన్స్ సబ్జెక్టులకు కాలపరిమితి పెడతాయి. చాలా చోట్ల ఐదేళ్ళు, కొన్ని చోట్ల ఏడేళ్ళు. అమెరికాలో చదివిన వాళ్ళకైనా ఇదే రూలు, మన డిగ్రీ మీద కక్ష కాదు లెక్చరర్ గారూ. మీ కాలేజీ నర్సింగ్ హ్యాండ్‌బుక్‌లో ఎన్నేళ్ళో ఉంటుంది, ముందు అది చూడండి.

పరిమితి లేకపోతేనే సిలబస్ పని. 2004-07 నాటి సిలబస్ కాపీ యూనివర్సిటీ నుంచి తెప్పించండి. ల్యాబ్ గంటలు, పాఠ్యాంశాలు కనపడాలి. అది పట్టుకుని బయాలజీ డిపార్ట్‌మెంట్ చైర్‌కి పిటిషన్ పెట్టండి. కౌంటర్లో కూర్చున్నవాళ్ళు చేయగలిగింది ఏమీ లేదు, వాళ్ళతో గొంతు చించుకోకండి.

పరిమితి ఉంటే 2401, 2402 (అనాటమీ ఫిజియాలజీ రెండు భాగాలు), 2420 మళ్ళీ చదవాలి, 12 క్రెడిట్లు. నిజం చెప్పాలంటే నేనైతే పిటిషన్ గెలిచినా చదువుతాను. నర్సింగ్ సీటుకు పాయింట్లు లెక్కేసేటప్పుడు ఆ మూడింట్లో ఏ గ్రేడు తెచ్చుకున్నారన్నదే చాలా చోట్ల చూస్తారు. మన దగ్గర వచ్చే 62 శాతం లాంటి మార్కుల్ని గ్రేడుగా మారిస్తే ఏమొస్తుందో మీరే చూసి ఉంటారు. క్లెప్ ఉపయోగం సైకాలజీ దగ్గర: ఇంట్రడక్టరీ సైకాలజీకి 2301, హ్యూమన్ గ్రోత్‌కి 2314. నర్సింగ్ వాళ్ళు క్లెప్ ఒప్పుకుంటారో లేదో ముందు ఈమెయిల్‌లో అడగండి. నోటిమాట వద్దు.

ప్లానో బాబాయ్ · 1:41
చూశారా, మళ్ళీ క్లెప్ దగ్గరికే వచ్చారు.

క్యూఏ కిట్టు · ఉదయం 7:05
అక్కా, ఇంత టెన్షన్ ఎందుకు? నాలుగు నెలలు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్చుకో. క్రెడిట్లూ వద్దు, సిలబస్లూ వద్దు. పైగా నైట్ డ్యూటీలు ఉండవు.

సుబ్బు · 7:20
ఆవిడ అడిగింది అది కాదు.

క్యూఏ కిట్టు · 7:24
సలహా ఇస్తే తప్పా? హెచ్4 డిపెండెంట్ వీసా మీద ఉంటే ఏ ఉద్యోగం చేసినా ఈఏడీ (పని చేసే అనుమతి కార్డు) కావాలి, నర్సు అయినా అంతే. అది ఉందో లేదో ఎవరూ అడగలేదే?

విజయవాడ టు డాలస్ · 7:31
హెచ్4 అని ఆవిడ ఎక్కడ చెప్పారు?

పాత లెక్చరర్ · 8:02
మూడేళ్ళ డిగ్రీ గురించి నేనడిగిన దానికి ఎవరూ జవాబివ్వలేదు.

నిద్రలేని అమ్మ · మధ్యాహ్నం 2:16
హ్యాండ్‌బుక్ చూశా. ఐదేళ్ళే. సిలబస్ కోసం నాన్నని యూనివర్సిటీకి పంపుదామనుకున్నా, ఆయన్ని ఆపేశా. సమ్మర్‌లో 2401కి రిజిస్టర్ అవుతున్నా. థాంక్స్ అందరికీ. పాప లేచింది, ఉంటా.

ప్లానో బాబాయ్ · 2:20
సైకాలజీ క్లెప్‌కి వోచర్ లింక్ పెట్టనా అమ్మా?

గుంటూరు మిర్చి · మూడు వారాల తర్వాత
అక్కా, నాదీ మైక్రోబయాలజీ గ్రూపే, 2021 బ్యాచ్. నీకు ఆ హ్యుమానిటీస్ 3 అడక్కుండానే ఇచ్చారా, పిటిషన్ పెట్టావా? నాకు తెలుగుకి కూడా సున్నా వేశారు.