సర్జన్ కావాలని టిబిలిసి వచ్చిన దేవరకొండ తమ్మునికి

ప్రశ్న: అన్నలకు, అక్కలకు నమస్తే. మాది దేవరకొండ. నీట్ క్వాలిఫై అయిన గాని గవర్నమెంట్ సీటు రాలే. జార్జియా దేశం రాజధాని టిబిలిసిల మెడిసిన్ ఫస్ట్ ఇయర్‌ల చేరిన. సర్జన్ కావాలని ఉన్నది. ఇప్పటి నుంచే ఏం చెయ్యాలె?

మిర్యాలగూడ అన్న: తమ్మీ, కత్తి సంగతి తర్వాత, ముందు కాగితాలు చూస్కో. 2021 నవంబర్ 18న వచ్చిన ఎన్‌ఎంసీ (నేషనల్ మెడికల్ కమిషన్) రూల్ నీకు వర్తిస్తది. చదువు తక్కువల తక్కువ 54 నెలలు, ఆ మీద అదే కాలేజీల 12 నెలల ఇంటర్న్‌షిప్, అంతా ఇంగ్లిష్ మీడియంల. ఇండియాకొచ్చినంక ఇంకో 12 నెలలు. చేరిన నాటి నుంచి పదేండ్లల్ల అన్నీ ఒడవాలె. 54కు 12 కలిపితే ఐదున్నరేండ్లు, మరి "ఐదేండ్లల్ల డాక్టర్" అనే ఏజెంట్ల లెక్క ఏడ తప్పిందో నువ్వే చూస్కో. ఈ డిగ్రీతోని ఆ దేశంల ప్రాక్టీస్ లైసెన్స్ వస్తదని కాలేజీ నుంచి రాయించుకో. మధ్యల కాలేజీ మారకు. సెలవులకొచ్చినప్పుడు నల్లగొండ పెద్దాసుపత్రిల నిలబడి చూస్తానంటే చూడు, గాని అది ట్రైనింగ్ కింద లెక్కకు రాదు. పాస్‌పోర్టుల స్టాంపు పడ్డ ప్రతి పేజీ స్కాన్ చేసి పెట్టుకో. అటెండెన్స్, మార్కుల కాగితాలు ఏ ఏడాదివి ఆ ఏడాదే తీస్కో.

జడ్చర్ల అక్క: ఫస్ట్ ఇయర్‌ల ఆపరేషన్ థియేటర్ చుట్టు తిరుగుడు దండుగ. శవాన్ని కోసి నేర్చుకునే డిసెక్షన్ హాల్‌ల ఎక్కువసేపు ఉండు, రూముల చేతులకు పని చెప్పు. బారెడు పురికోస కుర్చీ కాలుకు చుట్టి ముడులు వేస్కుంట కూసో. రెండో ముడి మొదటిదానికి ఎదురు దిక్కున పోవాలె, అప్పుడే జారని స్క్వేర్ నాట్. రెండూ ఒకే దిక్కున పోతే గ్రానీ నాట్ అయితది, అది జారుతది. కుట్లేసే దారం సిల్కుదైతే మూడు ముడులు చాలు. పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ దారం నున్నగ ఉంటది, దానికి ఐదారు కావాలె.

కుట్టు నేర్చుకునేటందుకు తోలు తియ్యని కోడికాలు తెచ్చుకో. నీడిల్ హోల్డర్ (సూది పట్టే పటకారు) కొసతోని సూదిని పట్టు, దారం అతికిన చివర నుంచి మూడో వంతు దూరంల. అతుకు మీదనే పడితే సూది వంగుతది, అక్కడ లోపల బోలుగ ఉంటది. తోలులకు నిట్టనిలువుగ దించు, తర్వాత మణికట్టు తిప్పు, సూది దాని వంపుల అదే బయటికొస్తది. నూకితే విరుగుతది. అంచు నుంచి 5 మిల్లీమీటర్లు, రెండు పక్కలా ఒక్క తీరు. కొత్తోళ్లు ఎక్కువ చెడగొట్టేది బిగువు కాడనే. అంచులు తాకితే ఆపెయ్యాలె. తోలు తెల్లబడేదాక గుంజితే, తెల్లారి వాపొచ్చి కుట్టు ఇంకా బిగుసుకుంటది, రక్తం ఆడక అంచు నల్లబడి చస్తది.

ఇంకోటి, హెపటైటిస్-బి టీకా వెంటనే మొదలుపెట్టు: ఇయ్యాల ఒకటి, నెలకు ఒకటి, ఆరో నెలల ఒకటి. ఆఖరు డోసు అయినంక ఒకటి రెండు నెలలకు టీకా పట్టిందా లేదా చూసే యాంటీ-హెచ్‌బీఎస్ రక్తపరీక్ష చేయించుకో, 10 mIU/mL దాటాలె. వార్డుల సూది గుచ్చుకుంటే సబ్బునీళ్లతోని కడుగు, పిండకు, సిగ్గుపడకుండ అప్పుడే చెప్పు. హెచ్‌ఐవీ సోకకుండ వేసుకునే మందు అవసరమైతే 72 గంటలల్ల మొదలుపెట్టాలె, గంటలల్లనే అయితే ఇంకా మంచిది.

మర్రిగూడ అన్న: అక్క చెప్పింది బాగుంది, గాని బయటి దేశంల చదివినోళ్లకు ఇండియాల పెట్టే పరీక్ష ఎఫ్‌ఎంజీఈ దాటకుంటే ఈడ ఆ చేతులకు పనుండదు. 300 మార్కులల్ల 150 రావాలె, నెగెటివ్ లేదు. జనరల్ సర్జరీకి 32, కమ్యూనిటీ మెడిసిన్‌కు (ఊరందరి ఆరోగ్యం గురించిన సబ్జెక్టు) 30, అనాటమీకి 17. సర్జరీ పిచ్చోళ్లు కమ్యూనిటీ మెడిసిన్ వదిలేసి ఆడనే బోల్తా పడ్తరు. దాంట్లనే మన జిల్లా పేరున్నది: నల్లగొండ టెక్నిక్. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ వేసి నీళ్లల్ల ఫ్లోరైడ్ తగ్గించుడు. అది తప్పు రాసి మా ఊరికి రాకు!

తర్వాత ఇంటర్న్‌షిప్, పీజీ సీటు కోసం నీట్ పీజీ పరీక్ష, సర్జరీల పీజీ అంటే ఎంఎస్ మూడేండ్లు. యూరాలజీ, ప్లాస్టిక్ సర్జరీ అంటే ఆ మీది చదువు ఎంసీహెచ్ ఇంకో మూడేండ్లు. మీ నాయినకు ఈ లెక్క ఇప్పుడే చెప్పు, లోన్ కట్టుడు ఎప్పటి నుంచో ఆయనకు తెల్వాలె.

ప్రశ్న: అన్నా, లెక్చర్లన్నీ ఇంగ్లిషే. జార్జియన్ నేర్చుకోవాల్నా?

మిర్యాలగూడ అన్న: క్లాసుల అక్కర లేదు, వార్డుల కావాలె. 33 అక్షరాలు, మొదటి సెమిస్టర్‌ల పట్టు. కడుపునొప్పితోని వచ్చినోన్ని "నొప్పి ముందుగాల ఏడ మొదలైంది, ఇప్పుడు ఏడున్నది, వాంతి నొప్పికి ముందా తర్వాతనా" అని అడగరాకుంటే అపెండిసైటిస్ అని అనుమానం కూడ రాదు నీకు. ఈ మూడు ప్రశ్నలు ముందు రాస్కొని బట్టీ పట్టు.