రోజువారీ మొరటు వాడకానికి, ప్రయాణాలకు ఒకే కిల్ట్: ఉన్నిదా, కాన్వాస్‌దా?

క్లైడ్_ఒడ్డున:
గ్లాస్గోలో ఉంటున్నాను. పెళ్లిళ్లకు అద్దెకు తెచ్చుకునే కిల్ట్ (స్కాట్లాండ్ మగవాళ్లు నడుముకు చుట్టుకునే, మోకాళ్ల దాకా వచ్చే కుచ్చిళ్ల వస్త్రం) గురించి కాదు నేనడిగేది. వీకెండ్ కొండలెక్కడానికి, బస్సుల్లో తిరగడానికి, ఇంటి వెనక మట్టిపనికి, అన్నిటికీ పనికొచ్చేది ఒక్కటే కొనాలని ఉంది. బడ్జెట్ 200 పౌండ్ల లోపు. వచ్చే వేసవిలో మిల్‌గై నుంచి ఫోర్ట్ విలియం దాకా వెస్ట్ హైలాండ్ వే, అంటే 154 కిలోమీటర్లు, దాంతోనే నడవాలి. ఒక ఫ్రెండ్ జేబులున్న కాన్వాస్ యుటిలిటీ కిల్ట్ తీసుకోమంటాడు. ఇంకొకడు ఉన్నిది కాకపోతే అది కిల్టే కాదంటాడు. మీరేమంటారు?

సియాటిల్_శీను:
కాన్వాస్. ఇందులో ఆలోచించేది ఏముంది?
2000లో మా ఊళ్లోనే యుటిలికిల్ట్స్ వాళ్లు మొదలుపెట్టారు. వాళ్ల పనివాళ్ల మోడల్‌కి వాడేది కాటన్ డక్ కాన్వాస్, వడ్రంగి ప్యాంట్లకు వాడే రకం. ముళ్లకంచె గీసుకున్నా ఏమీ కాదు. ఉన్ని అయితే ఒక్క పోగు లాగిందంటే ఆ గీత జన్మంతా కనిపిస్తుంది. స్నాప్ బటన్లు, రెండు వైపులా పెద్ద జేబులు, వాషింగ్ మెషీన్లో పడేస్తే పని అయిపోతుంది. నేను గ్యారేజీలో కారు కింద పడుకుని పనిచేసేది దాంతోనే. 500 పౌండ్లు పోసిన ఉన్ని కిల్ట్‌తో మీరు ఆ పని చేస్తారా?

వర్షం_చాలు:
శీను గారూ, గ్యారేజీకి పైకప్పు ఉంటుంది. వెస్ట్ హైలాండ్ వేలో వచ్చే రానక్ మూర్ బయలుకి ఉండదు.
ఆ బాటలో అసలు కష్టం ముళ్లకంచె కాదు, తడి. కాటన్ కాన్వాస్ ఒకసారి నానిందంటే బరువెక్కుతుంది, నడిచేవాళ్లు రాత్రి దిగే హాస్టల్లో రాత్రంతా ఆరేసినా తెల్లారి చల్లగా, తడిగానే ఉంటుంది. ఉన్ని తన బరువులో దాదాపు 30 శాతం తేమ పీల్చుకున్నా ఒంటికి తడి తెలియదు. సన్నని జల్లైతే పైపైనే జారిపోతుంది. వాసన కూడా తొందరగా పట్టదు. ప్రయాణంలో ఇది చిన్న విషయం కాదు, పక్క సీట్లో కూర్చునేవాళ్లను అడగండి.
జేబుల మాట కూడా చెప్తాను. ఫోను, పవర్ బ్యాంకు, నీళ్ల సీసా కుక్కి కొండెక్కితే అడుగడుక్కీ అవి తొడకు కొట్టుకుంటాయి. స్పోరన్, అంటే కిల్ట్ మీద కట్టుకునే తోలు సంచి, ముందున వేలాడుతుంది, బరువు మధ్యలో ఉంటుంది. బ్యాక్‌ప్యాక్ ఉన్నప్పుడు ఆ జేబులతో అసలు పనే లేదు.

పాత_కోటు:
ఉన్నిని మరీ అంత పొగడకండి. మొదటి ప్రపంచ యుద్ధంలో హైలాండ్ రెజిమెంట్లు కందకాల్లోకి కట్టుకెళ్లినవి ఉన్ని కిల్ట్‌లే. బురద, నీళ్లు పీల్చుకుని మోయలేనంత బరువయ్యేవి. చలికి అంచులు గడ్డకట్టి మోకాళ్ల వెనక చర్మం కోసుకుపోయేది. కుచ్చిళ్ల నిండా పేలు. బురద నుంచి కాపాడటానికి పైన ఖాకీ ఏప్రన్ కట్టాల్సి వచ్చింది. మొరటు వాడకం అంటే అంతకు మించింది ఏముంది? అక్కడ ఉన్ని ఓడిపోయింది. రెండో యుద్ధం వచ్చేసరికి రణరంగంలో కిల్ట్ ఆపేశారు. 1940లో ఫ్రాన్స్‌లో కామెరాన్ హైలాండర్స్ కట్టుకోవడమే చివరిసారి అంటారు.

వర్షం_చాలు:
ఆపడానికి విషవాయువు భయం కూడా ఒక పెద్ద కారణం కదా. మోకాళ్లు బయట పెట్టుకుని మస్టర్డ్ గ్యాస్‌లో నిలబడలేరు. రోజుల తరబడి కందకంలో నీళ్లలో నిలబడటం, సాయంత్రానికి హాస్టల్ చేరి వేడి సూప్ తాగే నడక, రెండూ ఒకటేనా? క్లైడ్ గారు కందకంలోకి వెళ్లట్లేదు.

క్లైడ్_ఒడ్డున:
వెళ్లట్లేదు, గ్యారంటీ :)
ఇంతకీ పాలీ-విస్కోస్ (పాలిస్టర్, విస్కోస్ కలిపి నేసిన బట్ట) సంగతేంటి? చవకగా దొరుకుతోంది, మెషీన్లో ఉతకొచ్చంటున్నారు.

దర్జీ_కొడుకు:
అందరూ బట్ట గురించే కొట్టుకుంటున్నారు. కిల్ట్ మన్నిక బట్టతో పాటు ఎన్ని గజాలు, ఏ కుచ్చిళ్లు, ఎలాంటి కుట్టు అన్నదాని మీదా ఉంటుంది. కొంచెం ఓపిగ్గా చదవండి.

సంప్రదాయ కిల్ట్‌కి 8 గజాలు, అంటే 7.3 మీటర్లు. పెద్ద పన్నా బట్టను నిలువునా రెండుగా కోసి కలుపుతారు కాబట్టి కొనేది 4 గజాలే. టార్టాన్ బట్టను, అంటే కిల్ట్‌లకు వాడే గళ్ల బట్టను, ఆ పెద్ద పన్నాలో గజానికి ఇన్ని ఔన్సులని చెప్తారు: 10, 13, 16. 16 ఔన్సుల బట్టతో 8 గజాల కిల్ట్ కుడితే బట్ట బరువే 1.8 కిలోలు. అది కట్టుకుని ఊళ్లు తిరగడం ఎందుకు? 13 ఔన్సుల్లో 5 గజాలది, కేజువల్ అని అమ్మేది, 900 గ్రాముల చిల్లర. చాలామంది ఇక్కడ ఆగిపోతారు.

నేనైతే ఇంకోటి చూడమంటాను: 16 ఔన్సుల బట్టలో 4 గజాల బాక్స్ కుచ్చిళ్ల (రెండు అంచులూ లోపలికి మడిచిన వెడల్పాటి కుచ్చిళ్ల) కిల్ట్. ఇది కొత్త ఫ్యాషనేం కాదు, 1790ల నాటి తొలి కుట్టిన కిల్ట్‌లు దాదాపు ఇలాగే ఉండేవి. లెక్క వేయండి, దీని బరువూ 900 గ్రాములే. కానీ బట్ట దళసరి. గాలికి లేవదు, కూర్చుని లేచినా నలగదు, ముళ్లకు పోగులు అంత తేలిగ్గా రావు. బాక్స్ కుచ్చిళ్లు తక్కువ, వెడల్పు ఎక్కువ, ఇస్త్రీ పని సగానికి తగ్గుతుంది. అదే బరువు మోసేటప్పుడు పల్చటి బట్ట ఎక్కువ కుచ్చిళ్లుగా కావాలా, దళసరి బట్ట తక్కువ కుచ్చిళ్లుగా కావాలా అన్నదే ప్రశ్న. మొరటు వాడకానికి నా ఓటు రెండోదానికే.

పాలీ-విస్కోస్ తీసేయాల్సిందేం కాదు. యార్క్‌షైర్‌లో మార్టన్ మిల్స్ నేసేది బాగానే ఉంటుంది, మడత నిలుస్తుంది, మెషీన్లో ఉతకొచ్చు. కాకపోతే తేలిక, కొండ మీద గాలికి ఆగదు. క్యాంప్‌ఫైర్ నిప్పురవ్వ పడితే కరిగి బొక్క పడుతుంది. ఉన్ని అక్కడికక్కడ మాడి ఆరిపోతుంది. అక్రిలిక్ మాత్రం ముట్టుకోకండి, కొన్ని నెలలకే ఉండలు కట్టి పాత స్వెట్టర్‌లా తయారవుతుంది.

కొనేముందు తిప్పి లోపల చూడండి. నడుము దగ్గర కుచ్చిళ్ల వెనక అదనపు బట్ట కోసేసి లోపల గట్టి గుడ్డ వేసి కుట్టారా, లైనింగ్ ఒక్కటే అతికించి వదిలేశారా. మొదట సాగేది, చినిగేది అక్కడే.

సియాటిల్_శీను:
బాగా చెప్పారు దర్జీ గారూ, ఒప్పుకుంటాను. కానీ అతని బడ్జెట్ 200 పౌండ్లు. చేతితో కుట్టిన బాక్స్ ప్లీట్ ఉన్ని కిల్ట్ ఆ డబ్బుకి ఎవడిస్తాడు? దొరకని మంచి వస్తువు కంటే దొరికే కాన్వాస్ మేలు కదా.

దర్జీ_కొడుకు:
కొత్తది ఇవ్వరు, నిజమే. స్కాట్లాండ్‌లో అద్దె షాపులు కొన్నాళ్లు తిప్పిన కిల్ట్‌లను తక్కువకు అమ్మేస్తుంటాయి. పెళ్లిళ్లకు అద్దెకిచ్చేవి కాబట్టి నడుము సర్దుకునేలా ఉంటాయి, దెబ్బలకు తట్టుకునేలా కుడతారు. ఆర్మీ సర్‌ప్లస్‌లో పాత రెజిమెంట్ కిల్ట్‌లూ దొరుకుతాయి, బరువుగా, రాయిలా ఉంటాయి. బ్లాక్ వాచ్ టార్టాన్ అయితే మరీ మంచిది: ముదురు ఆకుపచ్చ, నీలం. మట్టి మరక పడ్డా కనిపించదు, ఏ ఒక్క వంశానికే పరిమితం కాదు కాబట్టి ఎవరైనా కట్టుకోవచ్చు.
కొలత మాత్రం జాగ్రత్త. కిల్ట్ నడుము జీన్స్ నడుము కాదు, బొడ్డు ఎత్తున కొలవాలి. అక్కడి నుంచి మోకాలి చిప్ప మధ్య దాకా పొడవు. యుటిలిటీ కిల్ట్‌లు తుంటి మీద దిగి కూర్చుంటాయి, రెండు కొలతలూ కలిపేయకండి.

సోమవారం_నడక:
కొండలెక్కేవాడిగా రెండు ముక్కలు. బ్యాక్‌ప్యాక్ నడుము బెల్టు సరిగ్గా కిల్ట్ తోలు పట్టీల మీదే పడుతుంది. బకిల్ నొక్కుకుని తుంటి మీద పుండు పడుతుంది. కొనేముందు నిండు బ్యాగు వేసుకుని ఒక పూట నడిచి చూడండి, అద్దంలో కాదు. రెండోది, పిడుదులు, అంటే టిక్స్. బ్రాకెన్ అనే ఫెర్న్ మొక్కల పొదల్లో బోసి మోకాళ్లతో తిరిగితే అవి ఎక్కుతాయి, లైమ్ జబ్బు తెస్తాయి. మోకాలి దాకా మందపాటి మేజోళ్లు వేసుకోండి, సాయంత్రం కాళ్లు చూసుకోండి. మే నుంచి సెప్టెంబరు దాకా మిడ్జెస్, అంటే కుట్టే చిన్న ఈగలు, వేరే. ఉన్ని అయినా కాన్వాస్ అయినా వాటికి తేడా లేదు.

పాత_కోటు:
ఇంతకీ ఉతకడం ఎవరూ చెప్పలేదు. హాస్టల్ మెషీన్లో ఉన్ని వేస్తే కుదించుకుపోతుంది, అందుకే శీను వైపే ఉన్నాను.

వర్షం_చాలు:
ఉన్నిని ప్రతి నడకకీ ఉతకాల్సిన పనేముంది? గాలికి వేలాడదీసి మట్టి ఎండాక బ్రష్‌తో దులిపితే చాలు. ఎప్పుడైనా తప్పకపోతే కుచ్చిళ్లను కచ్చా కుట్టుతో పట్టి ఉంచి, చల్లటి నీళ్ల టబ్‌లో ముంచి, పిండకుండా టవల్‌లో ఒత్తి ఆరేస్తారు. ప్యాకింగ్‌కి కూడా కుచ్చిళ్లు ఒక వరసలో పెట్టి పొడవుగా చుట్టి, పాత స్టాకింగ్ కాలులో దూర్చేస్తే బ్యాగులో నలగదు.

క్లైడ్_ఒడ్డున:
అద్దె షాపు వాడిన 16 ఔన్సుల బ్లాక్ వాచ్ ఒకటి కనిపించింది, 120 పౌండ్లు. కాకపోతే 8 గజాలది. దర్జీ గారూ, దీన్ని 4 గజాలకు తగ్గించి కుట్టించుకోవచ్చా?

దర్జీ_కొడుకు:
కుదురుతుంది, కానీ మొత్తం విప్పి మళ్లీ కుట్టాలి. నడుము దగ్గర లోపల బట్ట కోసేసి ఉంటుంది కదా, కొత్త కుచ్చిళ్ల వెడల్పు ఆ కోతలకు కుదరకపోతే బొక్కలు పైకి తేలతాయి. ముందు లోపలి వైపు ఫోటో పంపండి, ఆ తర్వాత డబ్బు కట్టండి.

సియాటిల్_శీను:
ఫోటో వచ్చేలోపు నా కాన్వాస్ ఉతికి ఆరేసుకుంటాను. ఎండలో, గంటలో ఆరిపోతుంది మరి.

వర్షం_చాలు:
ఎండ అంటే ఏంటండీ?