నగర అభ్యర్థి మొదటి పని ఏది: కంటికి కనిపించేదా, నేల కింద ఉండేదా?

కాలిబాట

నగరపాలక ఎన్నికల కరపత్రాలు ఏ ఊరివైనా ఒకే అచ్చులోంచి దిగినట్టుంటాయి. విశాలమైన రోడ్లు, పచ్చని పార్కులు, రోజంతా నీళ్ళు, చెత్త లేని వీధులు, కొత్త వంతెన, కూడళ్ళలో కెమెరాలు. అన్నీ ఒకే సైజు అక్షరాలలో ఉంటాయి. దేని తరవాత ఏది చేస్తారో, దేన్ని ఆపి దేనికి డబ్బు పెడతారో ఎవరూ రాయరు. వరస చెప్పని జాబితాను ప్రాధాన్యాల జాబితా అనడం నాకు ఇష్టం లేదు. అది కోరికల చీటీ.

అందుకని ప్రశ్న ఇలా పెడుతున్నాను. అభ్యర్థికి దొరికేది ఒక్క పదవీకాలం. రాబడిలో పెద్ద భాగం జీతాలకూ కరెంటు బిల్లులకూ పోగా మిగిలింది కొద్ది డబ్బు. దానితో మొదట చేయవలసింది జనం కంటికి కనిపించే పనా, పైపులూ మురుగు కాల్వల పనా?

నా మొగ్గు మొదటిదానికే. సియోల్ చూడండి. 2002లో లీ మ్యుంగ్-బాక్ మేయరు పదవికి పోటీ చేసినప్పుడు ముందు పెట్టిన హామీ ఇది: నగరం నడిబొడ్డున చొంగ్యెచొన్ వాగును కప్పేసి కట్టిన ఎత్తు రహదారిని కూల్చి, వాగును మళ్ళీ పైకి తెస్తానని. 2003 జులైలో పని మొదలైంది. 2005 అక్టోబరుకు 5.8 కిలోమీటర్ల పొడవునా నీళ్ళు పారాయి. రహదారి తీసేస్తే నగరం స్తంభిస్తుందన్న జోస్యాలు ఫలించలేదు. గెలిచిన మనిషి మాట ప్రకారం చేశాడా లేదా అన్నది ఓటరు ఒడ్డున నిలబడి తేల్చుకోగలిగాడు. నేల కింద పైపు మార్చామంటే నమ్మాలో వద్దో ఎలా తెలుస్తుంది?

పైపులైను

కాలిబాట గారూ, నీటి సరఫరా పనిలోనే తల నెరిసినవాణ్ణి. నా పక్షపాతం ముందే చెప్పేస్తున్నాను.

మీరు మెచ్చుకున్న ఆ వాగులో నీళ్ళు చాలా వరకు వాటంతట అవి రావు. హాన్ నది నుంచి మోటార్లతో తోడి వదులుతారు. చూడముచ్చటగానే ఉంటుంది, కాదనను. అయితే మోటార్లు నడిచినంత కాలమే ఆ ముచ్చట.

ఇప్పుడు నేల కిందికి రండి. రోజుకు గంటో రెండు గంటలో నీళ్ళు వదిలే నగరం అనుకుందాం. నీళ్ళు వదిలినంత సేపూ పైపులో ఒత్తిడి ఉంటుంది. అతుకు దగ్గర పగులుంటే నీళ్ళు బయటికి కారతాయి, అంతే. వాల్వు కట్టేశాక ఒత్తిడి పడిపోతుంది. అప్పుడు అదే పగులు చుట్టూ ఉన్న తడిని లోపలికి పీల్చుకుంటుంది. పక్కనే మురుగు గొట్టం కారుతుంటే ఆ మురుగే మంచినీటి పైపులో చేరుతుంది. మర్నాడు కుళాయి తిప్పగానే మొదట వచ్చే నీళ్ళు రంగు మారి ఉండటానికి కారణాలలో ఇదొకటి. దీనికి తోడు ప్రతి ఇంటివాళ్ళూ పైపుకు నేరుగా మోటారు బిగిస్తారు. ఆ లాగుడుకు పీల్పు ఇంకా పెరుగుతుంది. కాబట్టి రోజంతా నీళ్ళివ్వడం సుఖం కోసం అడిగే కోరిక కాదు, రోగాలు రాకుండా చేసే పని.

డబ్బున్న నగరాలకే ఇది చెల్లుతుందనకండి. కంబోడియా రాజధాని ఫ్నోమ్ పెన్ యుద్ధాలతో చితికిపోయిన నగరం. 1993లో ఎక్ సోన్ చాన్ అక్కడి నీటి సంస్థ బాధ్యత తీసుకునే నాటికి శుద్ధి చేసిన నీటిలో 72 శాతానికి లెక్క లేదు. కొంత కారిపోయేది, కొంత దొంగ కనెక్షన్లలో పోయేది. ఆయన పైపులు మార్పించారు, మీటర్లు పెట్టించారు, పెద్దమనుషుల ఇళ్ళకూ బిల్లులు పంపారు. బిల్లు కట్టనని మొండికేసిన ఒక సైన్యాధికారి ఇంటికి వెళితే ఎక్ సోన్ చాన్‌కే తుపాకీ గురిపెట్టారు. ఆయన వెనుదిరిగి సాయుధ బలగాన్ని వెంటబెట్టుకుని మళ్ళీ వెళ్ళారు. కొన్నేళ్ళకు నష్టం పది శాతం లోపుకు దిగింది, నగరానికి ఇరవై నాలుగు గంటలూ నీళ్ళు వచ్చాయి. 2006లో ఆయనకు మెగసెసే పురస్కారం ఇచ్చారు. పని జరిగిందో లేదో తెలియదన్నారు కదా, కుళాయి తిప్పితే తెలుస్తుంది.

పాత ఓటరు

పైపులైను గారూ, అంతా బాగుంది. ఒక్క చిక్కు. ఆయన ఓట్లు అడగలేదు, ప్రభుత్వం నియమిస్తే వచ్చారు.

సూరత్ సంగతీ అంతే. 1994 సెప్టెంబరులో ప్లేగు భయంతో లక్షల మంది ఆ నగరం వదిలి పారిపోయారు. మరుసటి ఏడాది మునిసిపల్ కమిషనరుగా వచ్చిన ఎస్.ఆర్. రావు అధికారులను ఏసీ గదులలోంచి వీధుల్లోకి నడిపించారు. రెండేళ్ళు తిరగకుండానే దేశంలోని శుభ్రమైన నగరాలలో సూరత్ పేరు వినిపించింది. ఆయనా అధికారే. వార్డు మీటింగులో దండ వేయించుకుని ఓట్లడిగిన మనిషి కాదు.

మురుగు, చెత్త, పైపుల జోలికి వెళ్ళిన ఇద్దరూ నియామక పత్రంతో వచ్చారు. ఓట్లడిగి వచ్చినాయన వాగు చూపించి, 2008లో దేశాధ్యక్షుడు కూడా అయ్యారు. ఇది కాకతాళీయమని నేననుకోను. నాలుగేళ్ళు రోడ్డు తవ్వి, జనానికి దుమ్ము తినిపించి, చివరికి "మీకు కనిపించని పైపు వేశాను, మళ్ళీ గెలిపించండి" అంటే గెలిపిస్తారా? అభ్యర్థి గెలవకపోతే ఆయన ప్రాధాన్యాలు ఎంత గొప్పవైనా ఎవరికి కావాలి?

కిటికీ పక్క సీటు

ఇద్దరూ పైన, కింద అని నగరాన్ని రెండు ముక్కలు చేశారు. కనిపించే పనుల్లోనూ ఓట్లు తెచ్చేవి, ఓట్లు పోగొట్టేవి అని రెండు రకాలున్నాయి. బస్సులో తిరిగేవాడిగా నాకు ఆ తేడా రోజూ తెలుస్తుంది. బస్సు ఆగే చోట అభ్యర్థి ఫొటో నిలువెత్తున ఉంటుంది. బస్సు ఎప్పుడొస్తుందో చెప్పే కాగితం మాత్రం ఉండదు.

రోడ్డు వెడల్పు చేస్తాననడం ఓట్లు తెచ్చే హామీ, కానీ నిలవని హామీ. అమెరికాలో హ్యూస్టన్ నగరపు కేటీ ఫ్రీవేను 2008 నాటికి విస్తరించారు. పక్క రోడ్లతో కలిపితే కొన్ని చోట్ల 26 వరసలు! కొన్నేళ్ళు తిరిగేసరికి రద్దీ వేళల్లో ప్రయాణ సమయం మళ్ళీ పెరిగింది. దారి వెడల్పైందని తెలిస్తే అంతకు ముందు వేరే వేళకు, వేరే దారికి సర్దుకున్నవాళ్ళందరూ అక్కడికే వస్తారు. ఇందులో వింతేమీ లేదు.

రెండో రకానికి స్పెయిన్‌లోని పొంతెవేద్ర. 1999లో అక్కడ మేయరైన మిగెల్ అన్సో ఫెర్నాందెస్ లోరెస్ వృత్తిరీత్యా వైద్యుడు. గద్దెనెక్కిన కొద్ది రోజులకే పాత నగరంలో కార్లు తిరగకుండా చేశారు. దుకాణదారులు గోల పెట్టారు. అయినా ఎన్నిక తరవాత ఎన్నికగా ఆ పదవిలో కొనసాగారు. స్టాక్‌హోమ్‌లోనూ నగరంలోకి వచ్చే వాహనాలకు సుంకం అంటే మొదట జనం మండిపడ్డారు. 2006 జనవరి నుంచి జులై వరకు ప్రయోగంగా వసూలు చేశారు. సరిహద్దు దాటే వాహనాలు అయిదో వంతు తగ్గాయి. ఆ సెప్టెంబరులో అడిగితే నగర ఓటర్లు స్వల్ప ఆధిక్యంతో సరేనన్నారు. జనం కష్టాన్ని ఓర్వరన్నది పాత ఓటరు గారి లెక్క. కష్టం ముందు వచ్చి ఫలితం వెంటనే కనిపిస్తే ఓర్చుకుంటారని నా లెక్క.

పద్దుపుస్తకం

ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. హామీ ఇచ్చిన పని అసలు ఆ అభ్యర్థి చేతిలో ఉన్నదేనా?

లండన్ మేయరుకు రవాణా సంస్థ మీద అధికారం ఉంది కాబట్టి కెన్ లివింగ్‌స్టన్ 2003 ఫిబ్రవరిలో రద్దీ సుంకం పెట్టగలిగారు. న్యూయార్క్ మేయరు బ్లూమ్‌బర్గ్ అదే పని తలపెడితే 2008లో రాష్ట్ర శాసనసభ ఓటింగు కూడా పెట్టకుండా పక్కన పడేసింది. ఆ నగరంలో సుంకం మొదలయ్యేసరికి 2025 వచ్చింది. చాలా నగరాలలో నీళ్ళకు ఒక బోర్డు, బస్సులకు ఒక సంస్థ, ట్రాఫిక్‌కు పోలీసులు. గెలిచిన మనిషి వీళ్ళందరికీ ఉత్తరాలు రాస్తూ పదవీకాలం గడిపేస్తాడు. హామీ పక్కన "దీనికి ఎవరి అనుమతి కావాలి" అని ఒక గడి గీస్తే కరపత్రం సగం ఖాళీ అవుతుంది.

రెండోది డబ్బు. కొత్తది కట్టడానికి పైనుంచి గ్రాంటు వస్తుంది. కట్టినదాన్ని కాపాడుకోవడానికి సాధారణంగా సొంత రాబడే దిక్కు. అందుకే ప్రారంభోత్సవాలకు కొదవ ఉండదు, పూడిక తీయడానికి మాత్రం నిధులుండవు. ఆస్తిపన్ను అనే మాట అభ్యర్థి నోట వినాలని నాకు ఎంతో కోరిక.

పైపులైను

పాత ఓటరు గారికి. ఓట్లడిగినవాళ్ళు మురుగు జోలికి వెళ్ళరన్నారు. లండన్‌లో మురుగు కాల్వల పథకం ఏళ్ళ తరబడి బల్లల మీదే నలిగింది. కలరాలో వేలమంది పోయినా కదల్లేదు. 1858 ఎండాకాలంలో థేమ్స్ నది కంపు పార్లమెంటు కిటికీలలోంచి లోపలికి వచ్చింది. పరదాలను సున్నపు మందులో ముంచి వేలాడదీసినా లోపల కూర్చోలేకపోయారు. అంతే, కొద్ది వారాలలోనే చట్టం వచ్చింది. జోసెఫ్ బజాల్జెట్ కట్టిన ఆ కాల్వలలో చాలా భాగం నేటికీ పనిచేస్తోంది. ఎన్నికైన సభే చేసింది కదా?

పాత ఓటరు

చేసింది, తమ ముక్కుల కోసం. నేనంటున్నదీ అదే.

చివరి ఇల్లు

ఇంతసేపూ చదివాను. ఒక మాట నాకు గుచ్చుకుంటోంది. మురుగు కాల్వ "కనిపించదు" అంటున్నారు. ఎవరికి?

మురుగు కనెక్షన్ ఉన్న ఇంటికి కనిపించదు. లేని ఇంటికి అది గుమ్మం ముందే ఉంటుంది. వాన పడితే గడప దాటుతుంది. పిల్లల్ని ఎత్తుకుని దాటించాలి, చుట్టాలు రావడానికి జంకుతారు. వాగు ఒడ్డున షికారు మీకు కంటికి కనిపించే పనైతే, మాకు మురుగు పోవడమే కంటికి కనిపించే పని.

ఇది ఉక్రోషంతో అంటున్న మాట కాదు. బ్రెజిల్‌లో పోర్తో అలెగ్రె నగరంలో 1988 ఎన్నికలలో ఒలీవియో దూత్రా మేయరుగా గెలిచారు. 1989లో పెట్టుబడి ఖర్చు దేని మీద పెట్టాలో పేటలవారీగా జనాన్నే సభలకు పిలిచి అడగడం మొదలుపెట్టారు. పేదల పేటలు అడిగినవి పార్కులు కావు. నీళ్ళు, మురుగు, మట్టి వీధులకు గట్టి రోడ్డు. నీటి, మురుగు కనెక్షన్లున్న ఇళ్ళు 1988లో 75 శాతం, 1997కు 98 శాతం. దూత్రా పార్టీ అక్కడ వరసగా నాలుగు సార్లు గెలిచింది. ఓట్లు రావన్నారే, వచ్చాయి. ఎవరి ఓట్లు అన్నదే తేడా.

సియోల్ వాగు పక్కన సరుకులు అమ్ముకునేవాళ్ళ సంగతి ఎవరూ ఎత్తలేదు. పని మొదలయ్యాక చాలామందిని డాంగ్డేమున్ స్టేడియంలోకి తరలించారు. తరవాత ఆ స్టేడియాన్నీ కూల్చారు.

కాలిబాట

చివరి ఇల్లు గారి లెక్కను కాదనలేను. కానీ పోర్తో అలెగ్రె కథ అక్కడ ఆగలేదు. పాలకపక్షం మారాక ఆ సభలకు విలువ తగ్గుతూ వచ్చి, 2017లో మొత్తం ప్రక్రియనే నిలిపివేశారు. వాగు మాత్రం పారుతూనే ఉంది, మోటార్లతోనే అనుకోండి. ఎవరు వచ్చినా దాన్ని మళ్ళీ కప్పేసే ధైర్యం చేయరు. కంటికి కనిపించేదానికి ఆ రక్షణ ఉంటుంది.

చివరి ఇల్లు

సభలు ఆగిపోయాయి. వేసిన గొట్టాలు తవ్వి తీయలేదు కదా?

పాత ఓటరు

సరే, వాదనలు చాలు. పైపులైను గారూ, మీరే అభ్యర్థి అనుకుని కరపత్రం రాయండి. నాలుగు వాక్యాలు మించకూడదు.

పైపులైను

రాస్తున్నాను. "మొదటి ఏడాది కనెక్షన్ లేని పేటలకు మురుగు లైన్లు వేస్తాను, వీధుల పేర్లు వెనక పేజీలో ఉన్నాయి. రెండో ఏడాది నుంచి ఒక్కొక్క పేటకు రోజంతా నీళ్ళిస్తాను, వంతు వచ్చే నెల పక్కనే రాశాను. దీనికోసం పెద్ద భవనాల ఆస్తిపన్ను బకాయిలు వసూలు చేస్తాను. వంతెన ఈ పదవీకాలంలో కట్టను."

పాత ఓటరు

చివరి వాక్యం తీసేయండి, గెలుస్తారు.

చివరి ఇల్లు

తీసేస్తే మిగతా మూడూ నమ్మను.

కిటికీ పక్క సీటు

తవ్విన రోడ్డును ఎన్నాళ్ళలో పూడుస్తారో రాయలేదు. మా బస్సు వెళ్ళేది అటే.